వంశపత్రిక లేని గుర్రం



గుర్రం అనగానే మనలో చాలామందికి మలక్‌పేట రేసుల్లో దూసుకుపోయే గుర్రమో, ఊరేగింపులో పెళ్ళికొడుకును మోసే గుర్రమో కళ్ళముందు మెదులుతుంది. ఇవాళ నేను మాట్లాడబోయే గుర్రం ఆ రెండింటికీ దూరం. ఇంగ్లండు, వేల్స్, ఐర్లండు పల్లెదారుల వెంట వెళుతుంటే కంచెల అవతల పచ్చిక మేస్తూ కనిపిస్తుంది. కాళ్ళు పొట్టి, ఎముక లావు. ఛాతీ లోతు, నడుము కురచ, పిరుదులు బలిష్ఠం. మోకాళ్ళ కింద మొదలై గిట్టల మీదికి జారే ఒత్తైన వెంట్రుకలు. ఒంటిమీద చాలాసార్లు పెద్ద పెద్ద నలుపు తెలుపు మచ్చలు. దీన్ని అక్కడివాళ్ళు కాబ్ అంటారు.

కాబ్ అంటే ఒకే జాతి అనుకోకండి. ఒడ్డూ పొడుగూ చూసి పిలిచే పిలుపు అది. వెల్ష్ కాబ్ అని నిఖార్సైన జాతి ఒకటుంది. దానికి 1901లో సంఘం ఏర్పడింది, మరుసటి ఏడాది వంశావళి పుస్తకం అచ్చయింది. అలా జాతి పుస్తకాలకు ఎక్కినవి కొన్నే. రోడ్డు పక్క మేసే కాబ్‌లలో చాలావాటికి తండ్రి ఎవరో తెలియదు. తండ్రి తెలిస్తే, తల్లిని ఏ సంతలో కొన్నారో ఎవరికీ గుర్తుండదు. బ్రిటన్‌లో గుర్రానికి పాస్‌పోర్టు ఉండాలి. ఇంగ్లండులో 2020 అక్టోబరు 1 నుంచి మెడలో మైక్రోచిప్ కూడా తప్పనిసరి చేశారు. కాబ్ పాస్‌పోర్టు తెరిచి చూస్తే జాతి అన్నచోట చాలాసార్లు ‘తెలియదు’ అనో, ఉత్త ‘కాబ్’ అనో రాసి ఉంటుంది. ఆ ఒక్క మాట చూసి దాన్ని చులకన చేసేవాళ్ళున్నారు. నేను పశువైద్యుణ్ణి. ఆ చులకన అన్యాయమని నా గట్టి నమ్మకం. ఆ మాట చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

సంకర కాబ్‌లలో వెల్ష్ నెత్తురూ, జిప్సీ సంచారులు పెంచిన కాబ్ నెత్తురూ కలిసినవి బ్రిటన్‌లో తరచుగా కనిపిస్తాయి. ఈ రెండు పాయలూ ఎక్కడివో చూద్దాం.

వెల్ష్ పాయ చాలా పాతది. పదో శతాబ్దపు వేల్స్ రాజు హవెల్ దా పేరుమీద ఉన్న చట్టాల్లోనే స్వారీ గుర్రం, మూటలు మోసే గుర్రం, పని గుర్రం అని వేరువేరుగా చెప్పారు. ఆ కొండల్లో రైతుకు నాలుగు గుర్రాలు పోషించే స్తోమత ఉండేది కాదు. ఉన్న ఒక్కటే పొలంలో బరువు లాగాలి, సంతకు బండి కట్టించుకోవాలి, ఆదివారం చర్చికి తీసుకెళ్ళాలి. 1830, 1840 ప్రాంతాల్లో పుట్టిన ట్రూ బ్రిటన్, ట్రాటింగ్ కామెట్ అనే మగగుర్రాల సంతతి నేటి వెల్ష్ కాబ్‌కు పునాది. ఈ గుర్రాలకు పేరు తెచ్చింది వాటి ట్రాట్. ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ ఒకేసారి లేచి పడి, మళ్ళీ ముందు ఎడమా వెనక కుడీ, ఇలా జంటలుగా సాగే పరుగు అది. మగగుర్రాలకు ప్రభుత్వం లైసెన్సు పెట్టింది 1918లో. అంతకుముందు ఏ గుర్రాన్ని సంతానానికి వాడాలో పరుగు పందెం మీదే తేల్చుకునేవారు. కార్డిఫ్ నుంచి డౌలైస్ దాకా ఎత్తెక్కే దారిలో, ట్రాట్ తప్పకుండా, మూడు గంటల్లోపు చేరితే అది మేలైన గుర్రం. చూడండి, పరీక్ష ఎంత సూటిగా ఉందో! ఊపిరితిత్తి, గుండె, కీళ్ళు, గిట్టలు, పట్టుదల, అన్నీ ఆ దారే తేల్చి చెప్పేసేది.

రెండో పాయ నాకు మరీ ఇష్టం. దాన్ని పెంచినవాళ్ళకు చదువుల్లేవు, భూముల్లేవు, వంశావళి పుస్తకాలు అసలే లేవు. బ్రిటన్ జిప్సీలు రోమా జనంలో ఒక శాఖ. రోమాల పూర్వికులు వెయ్యేళ్ళ కిందట మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి పడమరకు కదిలి వెళ్ళినవారని వాళ్ళ భాషా, జన్యువులూ కూడా సాక్ష్యం చెబుతున్నాయి. బ్రిటన్ జిప్సీలు చాలాకాలం కాలినడకన, గుడారాలతో తిరిగారు. 19వ శతాబ్దం మధ్య నుంచి ఇల్లులా కట్టిన చెక్క బండ్లు వచ్చాయి. వార్డో అంటారు వాటిని. లోపల పొయ్యి, మంచం, అలమర, వంటసామాను, పిల్లాజెల్లా. ఇంత బరువును ఒక్క గుర్రం లాగాలి. షైర్ లాంటి భారీ గుర్రానికి తిండి పెట్టి పోషించలేరు. చిన్న పోనీకి ఆ బరువు కదలదు. రెండింటికీ మధ్య గుర్రం కావాలి. అందుకే షైర్, క్లైడ్స్‌డేల్ అనే భారీ జాతుల నెత్తురును డేల్స్ పోనీ వంటి కొండ పోనీలతో కలుపుతూ వచ్చారు.

ఆ గుర్రానికి వాళ్ళు పెట్టిన పరీక్షలు రాతలో లేవు, బతుకులో ఉన్నాయి. రోడ్డు పక్క గడ్డితోనే ఒళ్ళు నిలవాలి. పిల్లలు కాళ్ళ సందున దూరినా కదలకూడదు. ఎవరు పగ్గాలు పట్టినా మాట వినాలి. ఎత్తైన దారిలో కొండ కొన చేరేదాకా ఆగకూడదు. ఎందుకంటే బరువైన బండి మధ్యలో ఆగితే మళ్ళీ కదలదు, వెనక్కి జారితే ఇల్లంతా పోతుంది. ఈ అలవాటు చిన్నప్పుడే పడేది. లేత గుర్రాన్ని అనుభవమున్న గుర్రం పక్కన కట్టి బండితో పాటు నడిపించేవాళ్ళు. కరిచే గుర్రాన్నీ, తన్నే గుర్రాన్నీ ఉంచుకునేవాళ్ళు కాదు. అలా తరాల తరబడి ఏరుకుంటూ వచ్చిన నెమ్మదితనమే ఇవాళ కాబ్‌లో మనం చూసే సాధుగుణం. అది అదృష్టం కొద్దీ వచ్చింది కాదు. బండిలో పసిపిల్లల్ని పడుకోబెట్టిన తల్లులు ఏరి ఏరి తెచ్చిన గుణం.

మచ్చల సంగతికి వద్దాం. మొదట్లో సంచారులు రంగును పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే మచ్చల గుర్రాల మీద మోజు పెరిగింది. సైన్యానికి మచ్చల గుర్రం పనికిరాదు, పెద్దింటివాళ్ళకు నచ్చదు, కాబట్టి అవి చవగ్గా దొరికి సంచారుల చేతికి చేరాయని చెబుతారు. కారణం ఏదైనా, ఇతరులు వద్దన్న రంగే చివరికి వాళ్ళ గుర్తు అయింది. తర్వాత లారీలు, వ్యాన్లు వచ్చాయి. బండి లాగే పని పోయింది. పని పోయినా వాళ్ళు గుర్రాన్ని వదల్లేదు. అందాన్ని పెంచారు: మరింత జూలు, మరింత మచ్చ, కాళ్ళ మీద మరింత వెంట్రుక. 1996లో అమెరికాకు చెందిన థాంప్సన్ దంపతులు ఈ గుర్రాలను తమ దేశానికి తీసుకెళ్ళి జిప్సీ వానర్ అని పేరు పెట్టి సంఘం కూడా స్థాపించారు. ఆ నాటితో ఈ గుర్రానికి పుస్తకం, ధర రెండూ వచ్చాయి.

ఏటా జూన్ మొదట్లో కంబ్రియా ప్రాంతంలోని ఆపిల్‌బీలో పెద్ద గుర్రాల సంత జరుగుతుంది. దాదాపు 10,000 మంది జిప్సీలు, సంచారులు చేరతారు. చూడ్డానికి వచ్చేవాళ్ళు అంతకు మూడింతలు. గుర్రాలను ఈడెన్ నదిలోకి దింపి, మెడ మునిగేదాకా తీసుకెళ్ళి కడుగుతారు. తర్వాత సన్నని దారిలో ట్రాట్ చేయించి చూపిస్తారు. నీళ్ళలో నిలబడ్డ గుర్రం మీద కుర్రాడు జీను లేకుండా కూర్చుంటాడు, గుర్రం మాత్రం బెదరదు. కొనేవాడు అక్కడే చూస్తాడు దాని గుణం. 2001లో గాలికుంటు వ్యాధి వల్లా, 2020లో కోవిడ్ వల్లా ఆ సంత జరగలేదు. అన్నేళ్ళ ఆనవాయితీ తప్పినందుకు వాళ్ళు ఎంత బాధపడి ఉంటారో మన తిరునాళ్ళు ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇక ఈ రెండు పాయలూ కలిస్తే ఏమవుతుంది? వెల్ష్ కాబ్‌కు చురుకు ఎక్కువ, ముందుకు ఉరికే స్వభావం. సంచారుల కాబ్‌కు నిదానం ఎక్కువ. కలిపితే సగం చురుకు, సగం నిదానం వస్తుందని అమ్మేవాళ్ళు హామీ ఇస్తారు. అలా వచ్చినప్పుడు అంతకంటే మంచి గుర్రం ఉండదు. పిల్లవాడు ఎక్కితే నెమ్మదిగా నడుస్తుంది, చేయి తిరిగినవాడు ఎక్కితే కంచెలు దూకుతుంది. కానీ నెత్తురు కొలిచి పోసుకునేది కాదు. ఒకే తల్లీ తండ్రీ కన్న రెండు పిల్లల్లో ఒకటి తల్లిని, ఒకటి తాతను పోలవచ్చు. సంకరాన్ని మళ్ళీ సంకరంతో కలిపితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే సంకర కాబ్‌ను దాని తల్లిదండ్రుల పేర్లు విని కొనకూడదు. ఎదురుగా ఉన్న గుర్రాన్ని చూసి కొనాలి.

రంగు విషయంలో మాత్రం లెక్క ఖాయం. కాబ్‌లో మామూలుగా కనబడే ఈ మచ్చలకు కారణం 3వ క్రోమోజోములో ఒక ముక్క తలకిందులై అతుక్కోవడం. ఆ మార్పు తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్కసారి వచ్చినా చాలు, మచ్చలు పడతాయి. ఒక ప్రతి ఉన్న గుర్రాన్ని మచ్చల్లేని గుర్రంతో కలిపితే, పుట్టే పిల్లకు మచ్చలు వచ్చే అవకాశం సగానికి సగం. రెండు ప్రతులూ ఉంటే పుట్టే ప్రతి పిల్లా మచ్చలదే. వెల్ష్ పుస్తకం మచ్చల గుర్రాన్ని స్వచ్ఛమైన వెల్ష్‌గా రాసుకోదు. కనీసం 12.5 శాతం, అంటే ఎనిమిదో వంతు నమోదైన వెల్ష్ నెత్తురు ఉన్నట్టు రుజువు చేస్తే పార్ట్‌బ్రెడ్ పుస్తకంలో చోటిస్తుంది.

ప్రదర్శనల్లో కాబ్ తరగతులు నాకు నచ్చుతాయి. అక్కడ వంశం అడగరు. ఎత్తు 148 సెంటీమీటర్లు దాటి 155 లోపు ఉండాలి. ముందుకాలి మోకాలి కింద టేపు చుట్టి ఎముక చుట్టుకొలత చూస్తారు. తేలిక తరగతికి 21.5 సెంటీమీటర్లు, అది సుమారు 89 కిలోల మనిషి దాకా మోస్తుంది. బరువు తరగతికి 23 సెంటీమీటర్లు. జూలు మెడ దాకా నున్నగా కత్తిరించి తెస్తారు. ఒకప్పుడు తోక కూడా కోసేవారు, 1949లో చట్టం చేసి ఆ క్రూరత్వాన్ని ఆపారు. న్యాయనిర్ణేత చివర్లో స్వయంగా గుర్రమెక్కి స్వారీ చేసి చూస్తాడు. మన ఊళ్ళలో జట్కాలు తిరిగిన రోజుల్లో గుర్రాన్ని కొన్నవాళ్ళు కూడా ఇలాగే నడకా, నోరూ, గిట్టా చూసి కొన్నారు గానీ దాని తాతముత్తాతల్ని అడగలేదు.

ఇప్పుడు ఈ గుర్రం ఒంట్లో ఉన్న చిక్కుల గురించి చెప్పాలి. ఇది చెప్పకుండా పొగడ్త ఒక్కటే చెబితే గుర్రానికి ద్రోహం చేసినట్టే.

యార్క్‌షైర్‌లో ఒక రైడింగ్ స్కూలు లాయంలో నలుపు తెలుపు మచ్చల ఆడగుర్రాన్ని చూశాను. పాపం, అది రోజంతా పిల్లల్ని మోసేది. రాత్రిళ్ళు మాత్రం నిద్రపోకుండా వెనక కాళ్ళు నేలకేసి కొట్టేదట. ఈగల బాధ అనుకున్నారు వాళ్ళు. నేను వంగి కాలి వెంట్రుకలు రెండు చేతులతో పాయ తీసి చూశాను. పైనుంచి పట్టుకుచ్చులా మెరిసే ఆ వెంట్రుకల అడుగున చర్మం తడిగా, పొలుసులు కట్టి ఉంది. వేలితో తాకితే గరుకు పెచ్చులు. మడమ వెనక మడతల్లో పగుళ్ళు. అది కోరియాప్టిస్ అనే కంటికి ఆనని పురుగు పని. దట్టమైన వెంట్రుకల్లో వెచ్చగా, తడిగా ఉంటే దానికి పండుగే. వెంట్రుకలు దగ్గరగా కత్తిరించి, శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మందు వాడితే తప్ప వదలదు. లాయంలో పరిచిన గడ్డి మార్చాలి, పక్క గుర్రాలకూ మందు వాడాలి. అందమైన వెంట్రుకలు కత్తిరించడానికి లాయంవాళ్ళు చాలా సంకోచించారు. కత్తిరించాక మాత్రం గుర్రం రాత్రి పడుకుంది.

ఇంతకంటే మొండి జబ్బు మరొకటుంది. ఒత్తు వెంట్రుకలున్న భారీ జాతుల్లో కాళ్ళ లోపల శోషరసం సరిగ్గా పైకి పారక, కాలు మెల్లగా ఉబ్బుతూ, చర్మం మందంగా ముడతలు పడి గడ్డలు కడుతుంది. షైర్, క్లైడ్స్‌డేల్, బెల్జియన్ గుర్రాలతో పాటు జిప్సీ కాబ్‌లోనూ ఇది కనిపిస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. వ్యాయామం, కట్టు, శుభ్రతతో అదుపు చేయాలి. అది ముదిరిన గుర్రాన్ని, ఎంత అందంగా ఉన్నా, సంతానానికి వాడకూడదు. నా మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ పని కోసం పెరిగిన గుర్రాన్ని కేవలం వెంట్రుక కోసం పెంచితే ఈ కష్టం పెరుగుతుందని నా అభిప్రాయం. మనుషులు కోరిందే గుర్రం మోస్తోంది.

రెండోది తిండి. రోడ్డు పక్క గడ్డితో బతికేలా మలిచిన శరీరానికి, ఎరువు చల్లిన చిక్కటి పచ్చిక దొరికితే ఏమవుతుంది? ఒళ్ళు చేస్తుంది. మెడ మీద కొవ్వు గట్టిగా గూడుకట్టుకుంటుంది. దాన్ని చూసి బలమనుకుంటారు. ఒంట్లో ఇన్సులిన్ లెక్క తప్పుతుంది. గిట్ట లోపల ఎముకను గోడకు పట్టి ఉంచే సన్నని పొరలు వాచి, పట్టు వదులుతాయి. దీన్ని లామినైటిస్ అంటారు. ముదిరితే ఆ ఎముక లోపలే తిరిగిపోతుంది. ఇలాంటి గుర్రం ముందుకాళ్ళు ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి, అడుగు వేయడానికి భయపడుతూ నిలబడుతుంది. ఆ నిలుచున్న తీరు ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోలేరు. వసంతంలో లేత పచ్చికలో చక్కెర ఎక్కువ. మంచు పడి ఎండ కాసిన ఉదయాల్లో కూడా అంతే. బరువు తగ్గించాల్సిన గుర్రానికి ఎండుమేత ఒంటి బరువులో 1.5 శాతం లెక్కన తూచి పెడతారు. 450 కిలోల కాబ్‌కు రోజుకు 7 కిలోల లోపే. ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి తీస్తే అందులోని చక్కెర కొంత కరిగిపోతుంది. ప్రేమతో పెట్టే గింజల డబ్బా కంటే ఈ తూనిక గుర్రానికి ఎక్కువ మేలు చేస్తుంది. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకుండా చూసుకోవాలని కూడా చెబుతారు. పొట్టి కాళ్ళు, లావు ఎముక చూసి కాబ్ ఎంతైనా మోస్తుందనుకోవడం పొరపాటు.

మరొక బాధ ఉంది, అది పూర్తిగా మనుషులు కలిగించిందే. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత గుర్రాల ధరలు పడిపోయాయి. సంకర కాబ్‌లు మరీ చవకైపోయాయి. ఇష్టం వచ్చినట్టు చూలు కట్టించి, పుట్టినవి అమ్ముడుపోక, రాత్రికి రాత్రి ఇతరుల పొలాల్లో తోలి వదిలేసినవాళ్ళున్నారు. ఈ బాధ పడలేక వేల్స్‌లో 2014లో, ఇంగ్లండులో 2015లో గుర్రాల నియంత్రణ చట్టాలు తెచ్చారు. ఇంగ్లండులో అలా వదిలిన గుర్రాన్ని పట్టి కబురు పెడితే, పట్టిన 96 గంటల్లో యజమాని రాకపోతే అతనికి హక్కు పోతుంది. ఆ గుర్రాల్లో కొన్నింటిని సేవాసంస్థలు చేరదీస్తాయి. 1927లో ఎడా కోల్ అనే మహిళ మొదలుపెట్టిన సంస్థ ఇవాళ వరల్డ్ హార్స్ వెల్ఫేర్ పేరుతో పనిచేస్తోంది. రెడ్‌వింగ్స్, బ్లూ క్రాస్ కూడా ఉన్నాయి. అలాంటి లాయాల్లో కొత్త ఇంటి కోసం ఎదురుచూసే గుర్రాల్లో కాబ్‌లు చాలా ఉంటాయి. బక్కచిక్కి, గిట్టలు పెరిగిపోయి వచ్చిన కాబ్ కూడా, నాలుగు నెలలు మంచి తిండీ, లాడాలు కొట్టేవాడి చేతి చలవా దొరికితే తేరుకుంటుంది. మనిషిని నమ్మడం కూడా మళ్ళీ నేర్చుకుంటుంది.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. మీ పిల్లలు స్వారీ నేర్చుకుంటున్నారంటే, వాళ్ళు మొదట ఎక్కే గుర్రం కాబ్ కావడానికే అవకాశం ఎక్కువ. అది మీ పాపను ఎంత ఓర్పుగా మోస్తుందో మీరే చూస్తారు. ఆ లాయానికి వెళ్ళినప్పుడు గుర్రం వెనక కాళ్ళ వెంట్రుకలు పాయ తీసి చూపించమని అడగండి. మెడ మీద కొవ్వు గట్టిపడిందేమో చేత్తో తడిమి చూడండి. అడిగితే తప్పు పట్టరు. మంచి లాయంవాళ్ళు సంతోషిస్తారు. పిల్లల ముచ్చట తీర్చడానికి గుర్రం కొనాలనుకుంటే, తొందరపడి సంతలో పిల్లగుర్రాన్ని బేరం చేయకండి. ముందు మీ దగ్గర్లోని సేవాసంస్థకు ఫోను చేయండి. వాళ్ళ దగ్గర ఇల్లు లేని కాబ్ ఉండే అవకాశం ఎక్కువ. గుర్రాలు తెలిసిన పశువైద్యుడితో పరీక్ష చేయించి, మేతకు ఎంత నేలుందో లెక్క చూసుకుని, అప్పుడు ఇంటికి తెచ్చుకోండి.